మూగజీవికి మజిలీ ఏది?

సంక్రాంతి సెలవులు దగ్గరపడే కొద్దీ మా కొత్తపేట వీధుల్లో ఒక ప్రశ్న గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంది. బండి సిద్ధం, బట్టలు సిద్ధం, ఊళ్ళో ఎదురుచూసే పెద్దలకు కొన్న చీరలూ పంచెలూ సిద్ధం. మరి కుక్కను ఏం చేయాలి? వేసవిలో ఇదే ప్రశ్న మరికొంత పెద్దదై వస్తుంది. అప్పటి ప్రయాణం సూర్యాపేటతోనో విజయవాడతోనో ఆగదు. కాశీకి, కొడైకెనాల్‌కు, కొందరికి కాశ్మీరు దాకా సాగుతుంది. రైలు టిక్కెట్లు దొరకకపోవడం, ఇంటి ముందు సొంత కారుండడం, రహదారులు వెడల్పు కావడం, ఈ మూడూ కలిసి మన మధ్యతరగతికి దూరపు డ్రైవింగును అలవాటు చేశాయి. ఆ ప్రయాణంలోకి ఇప్పుడు పెంపుడు జంతువు కూడా వచ్చి చేరింది.

ఆ ప్రశ్నకు మా వైపు మూడు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది, వాచ్‌మన్‌ను పిలిచి, "అన్నా, నాలుగు దినాలు జర చూస్కో" అని చెప్పి ఒక బిస్కెట్ ప్యాకెట్టు, రెండు వందల రూపాయలు చేతిలో పెట్టడం. రెండవది, "అదీ మన ఇంటి మనిషే కదండీ" అంటూ సూట్‌కేసుల మధ్య కాస్త చోటు చేసి కారెక్కించడం. మూడవదాన్ని ఎవరూ పైకి చెప్పరు. సెలవులు గడిచాక నగర శివార్లలో, మెడ చుట్టూ పట్టీ ఆనవాలు ఇంకా చెరగని లాబ్రడార్ ఒకటి, వచ్చే పోయే ప్రతి కారు వెనుకా పరుగెత్తుతూ కనిపించినప్పుడు ఆ మూడవ సమాధానం మనకు అర్థమవుతుంది.

మూడవది పాపమని వేరే చెప్పనక్కరలేదు. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం. రెండవదాన్ని గురించే ముందుగా ఈ నాలుగు మాటలు. ప్రేమతోనే తీసుకెళ్తారు, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమ ప్రయాణ ప్రణాళికలోకి దిగిందా అన్నది నా సందేహం. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఎన్ని టోల్‌గేట్లు, ఎక్కడ భోజనం, ఏ హోటలు అన్నవన్నీ మనుషుల లెక్కలు. కుక్క లెక్క వేరు. నన్నడిగితే, జంతువును వెంట తీసుకొని బయలుదేరేవాళ్ళు వేయవలసిన మొదటి లెక్క కిలోమీటర్లది కాదు, మజిలీలది. ఆ మజిలీలను నిర్ణయించే హక్కు బండిలో ఉన్నవాళ్ళందరిలోకీ నోరు లేనిదానికే ఇవ్వాలి.

మజిలీ అన్న మాట మన భాషలో ఇప్పుడు కథల పేర్లకూ సినిమా పేర్లకూ మిగిలిపోయింది గాని, ఒకప్పుడు ప్రయాణమంటేనే మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఆ వృత్తాంతం 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. దాన్ని చదివినవారికి దేవాలయాల వర్ణనలతో పాటు మరొక విషయం కూడా గుర్తుండి ఉంటుంది. ఏ ఊళ్ళో దిగాము, అక్కడ నీళ్ళ వసతి ఎటువంటిది, ఏ సామాన్లు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, రాళ్ళా, ఇసుకా, వాగులా అని ఆయన మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. ఎందుకంటే ఆయన పల్లకీలో కూర్చున్నవాడే అయినా, ప్రయాణం నడిచింది బోయీల కాళ్ళ మీద. పల్లకీలో కూర్చున్నవాడి ఓపిక లెక్కలోకి రాదు. మోసేవాడి ఓపిక ఎంతో ఆ రోజు దూరం అంతే. ఆయన మన హైదరాబాదు మీదుగానే నాగపూరు, జబల్‌పూరు దాటి ప్రయాగకూ కాశీకీ వెళ్ళాడు. ఈనాడు కొత్తపేటలో కారెక్కి కాశీకి వెళ్ళేవారు కూడా దాదాపు ఆ ఊళ్ళ మీదుగానే పోవాలి. దారి అదే. మారినదల్లా, మోసే మనిషి పోయి ఇంజను వచ్చింది. ఇంజనుకు అలసట లేదు గనుక మజిలీ అవసరం మనకు కనిపించడం మానేసింది.

"రాత్రి పదింటికి స్టార్టయి తెల్లారేసరికి నాగపూర్ దాటేశాం" అని చెప్పుకోవడం మనవాళ్ళకు ఒక గొప్ప. ఆ కారులో వెనుక సీటు కింద ముడుచుకొని పడుకున్న ప్రాణి ఏమని చెప్పుకుంటుంది? బోయీ కనీసం దించి, కూలబడి, "ఇక నడవలేను దొరా" అనగలడు. కుక్క ఆ మాట కూడా అనలేదు. నాలుక బయటపెట్టి రొప్పుతుంది, చొల్లు కారుస్తుంది, ఆవలిస్తుంది, వణుకుతుంది. తెలియనివారికి అది ఉత్సాహంలా కనిపిస్తుంది.

నోరు లేనిదాని తరఫున మాట్లాడే చట్టం ఒకటి మన దేశంలో ఎప్పటినుండో ఉన్నది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద 1978లో జంతువుల రవాణా నియమాలు చేశారు. కుక్కలకూ పిల్లులకూ అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నదని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. నెలలు నిండవస్తున్న చూడి జంతువును తరలించరాదు. ఆకలితోనో దాహంతోనో ఉన్నదాన్ని ఎక్కించరాదు. ఎండాకాలంలో నాలుగు గంటలకొకసారి, చలికాలంలో ఆరు గంటలకొకసారి నీళ్ళు పెట్టాలి. ఆ నియమాలు ప్రధానంగా రైళ్ళలోనూ లారీల్లోనూ బోనులు పెట్టి పంపేవారిని ఉద్దేశించి రాసినవే కావచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఎవరో ముక్కూమొహం తెలియని సరుకుదారు కూడా నాలుగు గంటలకొకసారి నీళ్ళు పెట్టాలని ప్రభుత్వం శాసిస్తే, "మా బంగారం" అని ముద్దు చేసే మనం అంతకన్నా తక్కువ చేయవచ్చునా? ఆ గడువులు కనీస హద్దులు. ఇంటి కుక్కకు రెండున్నర, మూడు గంటలకొక మజిలీ ఉండాలని నేనంటాను. దిగాలి, పది నిమిషాలు నడవాలి, మూత్రవిసర్జన చేయాలి, నీళ్ళు తాగాలి, నీడలో కాసేపు నిలబడాలి.

నీడ సంగతి వచ్చింది గనుక ఎండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రయాణాలలో కుక్కల ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా ఇదే. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెప్పుకోదగ్గ చెమట పట్టదు. అది ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడం ద్వారానే వదిలించుకోవాలి. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే రొప్పినా లాభం లేదు. దాని మామూలు ఉష్ణోగ్రతే 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే మనకు జ్వరమనిపించే స్థాయి దానికి ఆరోగ్యం. అక్కడి నుండి ప్రమాదానికి మిగిలిన మెట్లు చాలా తక్కువ.

ఇక నిలిపి ఉంచిన కారు. ఎండలో మూసిపెట్టిన కారులో వేడి ఎంత వేగంగా పెరుగుతుందో 2005లో అమెరికాలో కొలిచి చూశారు. గంటలో సగటున 40 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో ఎనభై శాతం మొదటి అరగంటలోనే జరిగిపోయింది. అద్దాలు ఒకటిన్నర అంగుళం దించినందువల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరి మన మే నెలలో, బయటే 42 డిగ్రీలున్నప్పుడు, సూర్యాపేట దగ్గర హోటల్లో "ఇడ్లీ తిని ఇప్పుడే వచ్చేస్తాం" అని తాళం వేసి వెళ్తే లోపల ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇంజను ఆపకుండా ఏసీ వేసి వదలడం కూడా నమ్మదగిన ఉపాయం కాదు. ఇంజను ఆగిందో, ఏసీ చెడిందో లోపలున్న ప్రాణి చెప్పలేదు. ఇద్దరుంటే ఒకరు తిని వచ్చేదాకా ఒకరు చెట్టు కింద కుక్కతో నిలబడడం ఒక్కటే మార్గం. ఒక్కరే అయితే భోజనం కట్టించుకొని తెచ్చుకోవడం మేలు. తారు రోడ్డు కూడా కాలుతూ ఉంటుంది. మన అరచేతి వెనుక భాగాన్ని ఆ తారు మీద ఆరేడు క్షణాలు ఆనించి ఉంచలేకపోతే, అక్కడ దాన్ని నడిపించకూడదు. చెప్పులు వేసుకున్నవాడికి ఆ ధ్యాస ఉండదు.

2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఒక చిన్న పిల్లవాడి వెంట ఎక్కడికంటే అక్కడికి నడిచిన పగ్ కుక్క మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ ప్రకటన తర్వాత ఆ జాతి మన ఇళ్ళలోకీ వచ్చేసింది. ఎక్కడికి వెళ్ళినా వెంట వచ్చేదిగా పేరుబడ్డ ఆ కుక్కే నిజానికి దూర ప్రయాణానికి బాగా పనికిరానిది. నొక్కిపెట్టినట్టుండే ఆ ముక్కుతో మామూలు గాలే దానికి కష్టంగా ఆడుతుంది, ఎండలో రొప్పడానికి తగిన దారి లేదు. బుల్‌డాగ్, షిట్జు వంటి జాతులదీ ఇదే అవస్థ. చలిదేశాల ఉన్ని కప్పుకొని పుట్టిన సైబీరియన్ హస్కీని తెచ్చి ఎల్బీనగర్ అపార్టుమెంటులో పెంచడమే ఒక ప్రశ్న అయితే, దాన్ని మే నెలలో ఆదిలాబాదు మీదుగా నడిపించడం మరొక ప్రశ్న.

కాబట్టి తీసుకెళ్ళాలా వద్దా అన్నదే మొదట తేల్చుకోవలసిన సంగతి. అది మన బెంగను బట్టి కాక, ఆ జంతువు స్వభావాన్ని బట్టి తేలాలి. ముసలిది, గుండె జబ్బు ఉన్నది, చూడిది, టీకాలు పూర్తికాని కూన, పొట్టి ముక్కుది అయితే వేసవిలో తీసుకెళ్ళకపోవడమే ప్రేమ. పిల్లి సంగతి ఇంకా వేరు. కుక్కకు మనుషులు ఇల్లయితే పిల్లికి ఇల్లే ఇల్లు. దానికి తన వాసన ఉన్న మూలలు, తన కిటికీ, తన దారి కావాలి. బుట్టలో పెట్టి వెయ్యి కిలోమీటర్లు తిప్పేకన్నా, తెలిసినవారు రోజుకు రెండుసార్లు వచ్చి తిండీ నీళ్ళూ పెట్టేటట్టు ఏర్పాటు చేసి ఇంట్లోనే ఉంచడం మంచిది. రామచిలుక పంజరాన్ని కారులో పెట్టుకొని పోయేవారిని కూడా చూశాను. మన రామచిలుకను పంజరంలో ఉంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని వారికి తెలియదు కాబోలు.

వదిలి వెళ్ళడమంటే వాచ్‌మన్‌కు అప్పగించడం మాత్రం కాదు. అతనికీ పండుగ ఉంటుంది, అతనికీ ఊరుంటుంది. పరిచయం ఉన్న ఇల్లు, రోజూ పలకరించే పక్కింటి పిన్నిగారు, నమ్మకమైన బోర్డింగు, వీటిలో ఏదైనా సరే, ముందుగా ఒక రాత్రి ఉంచి చూసి నిర్ణయించుకోవాలి. రైలులో తీసుకెళ్ళే వీలు కూడా ఒకటి ఉన్నది గాని, అది మొదటి తరగతి ఏసీలో కూపే అంతా మనకే దొరికితేనే. లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో ఒంటరిగా పంపాలి. ఇనుప గదిలో, చీకట్లో, చక్రాల మోతలో అది గడిపే రాత్రి గురించి ఆలోచిస్తే కారే నయమనిపిస్తుంది.

సరే, తీసుకెళ్ళాలనే నిశ్చయమైంది. ఇక్కడి నుండి ప్రణాళిక మొదలవ్వాలి, కనీసం నెల ముందు. రేబీస్ టీకా తొలిసారి వేయిస్తూ ఉంటే అది పనిచేయడానికి వారాలు పడుతుంది గనుక బయలుదేరే ముందు రోజు పరుగెత్తి లాభం లేదు. డిస్టెంపర్, పార్వో టీకాల తేదీలు చూసుకోవాలి. దారిలో గడ్డిలో దింపుతాం గనుక పిడుదులకు మందు వేయించాలి. పిడుదు కాటుతో వచ్చే జ్వరం ఊరి నుండి తిరిగి వచ్చిన రెండు మూడు వారాలకు బయటపడుతుంది. టీకా పుస్తకం, ఆరోగ్య ధ్రువపత్రం, జంతువు ఫొటో ఒకటి కాగితాల సంచిలో ఉండాలి. మెడపట్టీకి మన ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ కట్టాలి. ఈ చిన్న బిళ్ళకు యాభై, వంద రూపాయలు ఖర్చు. అది లేకపోతే దారిలో తప్పిపోయిన కుక్కకు తిరిగి ఇల్లు లేనట్టే.

ఆ నెల రోజుల్లో సాధన కూడా చేయించాలి. ఎన్నడూ కారెక్కనిదాన్ని మొదటిసారే అయిదు వందల కిలోమీటర్లు తిప్పితే, కారంటేనే భయం పట్టుకుంటుంది. మొదటి రోజు ఇంజను ఆపిన కారులో కూర్చోబెట్టి బువ్వ పెట్టండి. తర్వాత నాగోలు దాకా ఒక చుట్టు. మరో వారం హయత్‌నగర్ దాకా. ఆ తర్వాత చౌటుప్పల్ దాకా వెళ్ళి, దిగి, చెట్టు కింద నడిపించి వెనక్కి. ఎక్కడ వాంతి చేసుకుంటుందో, ఎంతసేపటికి అసహనపడుతుందో ఈ నాలుగు చుట్లలోనే తెలిసిపోతుంది. ఆ సమయమే దాని మజిలీ. వాంతుల బెడద ఉంటే బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు ఆహారం పెట్టకుండా ఉండాలి, నీళ్ళు మాత్రం మానకూడదు. ఎవరో చెప్పారని నిద్రమాత్ర వేయడం మహా ప్రమాదం. మత్తులో ఉన్న జంతువు తన ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు. మందు ఏదైనా పశువైద్యుడు చూసి రాయవలసిందే.

ఇప్పుడు దారి. కొత్తపేట నుండి కాశీకి పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. రెండు రోజుల్లో చేరవచ్చునని ఫోనులోని మ్యాపు చెబుతుంది. ఆ మాట నమ్మవద్దు. అది రాసినవాడు బండిని లెక్కవేశాడు, బండిలోని ప్రాణిని కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే ఎండ ముదిరేసరికి కామారెడ్డి, నిర్మల్ దాటి ఆదిలాబాదు చేరవచ్చు. మధ్యలో రెండు మజిలీలు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు నీడపట్టున గడిపి, పొద్దు వాలాక మరి రెండు వందల కిలోమీటర్లు నడిపితే నాగపూరు. రెండవ రోజు జబల్‌పూరు చాలు. మూడవ రోజు రీవా. నాలుగవ రోజు మధ్యాహ్నానికల్లా కాశీ. నాలుగు రోజులా అని నిట్టూర్చేవారు వీరాస్వామయ్యను ఒకసారి తలచుకుంటే చాలు. ప్రతి రాత్రి బసకూ ముందుగా ఫోను చేసి, కుక్క ఉన్నదని, ఎంత పెద్దదని, గదిలోకి రానిస్తారా, లేక బయట కట్టెయ్యమంటారా అని స్పష్టంగా అడగాలి. "పెట్స్ ఓకే" అన్న మాటకు కార్ షెడ్డు పక్కన స్తంభానికి కట్టెయ్యవచ్చునని అర్థం చెప్పే హోటళ్ళూ ఉంటాయి. కొత్త ఊళ్ళో, కొత్త వాసనల మధ్య, రాత్రంతా స్తంభానికి కట్టి ఉంచిన కుక్క మరునాడు ప్రయాణానికి పనికిరాదు.

ఈ దారిలోనే నాగపూరు దాటాక పెంచ్ అడవి వస్తుంది. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని వంతెనల మీదుగా ఎత్తి, కింద నుండి వన్యమృగాలు దాటిపోయే ఏర్పాటు చేశారు. పులులు ఆ వంతెనల కింది నుండి నడిచిపోవడం కెమెరాలకు చిక్కింది. మనిషి తలచుకుంటే జంతువు నడకను బట్టి రహదారినే మలచగలడని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? అటువంటి అడవుల్లో మాత్రం కుక్కను కిందికి దింపనే కూడదు. పులి భయం ఒక కారణం. రెండవ కారణం మన కుక్క వల్ల అడవికి వచ్చే భయం. 2018లో గిర్ అడవుల్లో నెల తిరగకుండా ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మన నల్లమలలో శ్రీశైలం దారికీ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది. ఆ అడవి గుండా రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు దాకా బళ్ళను పోనివ్వరన్నది కూడా గుర్తుంచుకొని బయలుదేరాలి.

కారులో దాని చోటు వెనుక సీటు. సీటుబెల్టుకు తగిలించే పట్టీ ఒకటి వస్తుంది, లేదా అది లేచి తిరిగేంత బోను. డ్రైవరు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, కిటికీలోంచి తల బయటికి పెట్టనివ్వడం ఫొటోలకు ముచ్చటగా ఉంటాయి. ఒక్క సడెన్ బ్రేకుతో ఆ ముచ్చట ఎటు పోతుందో చెప్పలేం. ఇంకొక్క నియమం ఉన్నది, ఇంట్లో పిల్లలకు కంఠతా పట్టించవలసినది. ముందు గొలుసు, తర్వాత తలుపు. పండుగ రోజుల్లో పంతంగి టోల్‌గేటు ముందు బారులు తీరిన బళ్ళ మధ్య, హారన్ల మోతకు బెదిరిన కుక్క తెరిచిన తలుపులోంచి దూకితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

తిండి విషయంలో మనవాళ్ళ ధారాళమే ప్రమాదం. దాబాలో మిగిలిన కూరలో ఉల్లిపాయ ఉంటుంది. అది కుక్క రక్తంలోని ఎర్ర కణాలను విరుస్తుంది. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, చాక్లెట్టు విషంతో సమానం. ఇంట్లో తినే తిండినే డబ్బాలో తీసుకెళ్ళడం, లేకుంటే ఉప్పూకారం లేని పెరుగన్నం పెట్టడం సురక్షితం. పూట పూటకూ కొంచెం తక్కువే పెట్టాలి.

ఇదంతా చదివి ఒక పెద్దమనిషి అడగవచ్చు: "మనుషులకే దారిలో సరైన మరుగుదొడ్డి లేని దేశంలో కుక్కకు మజిలీలేమిటి?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. చెట్టునీడ, నీటి తొట్టి, నాలుగడుగుల శుభ్రమైన నేల, ఇవి ఉన్నచోట లారీ డ్రైవరూ సేదతీరుతాడు, పసిపిల్లల తల్లీ కూర్చుంటుంది, కుక్కా నీళ్ళు తాగుతుంది. అమెరికాలో ఉండే మన తెలుగువారు అక్కడి రహదారుల పక్కన విశ్రాంతి స్థలాల్లో పెంపుడు జంతువులకని వేరుగా పచ్చికబయలు చూసి ఆశ్చర్యపోతూ ఉంటారు. ఆశ్చర్యం దేనికి? ఇదే 44వ నంబరు రహదారి మీద దక్షిణానికి పోతే గుత్తి వస్తుంది. ఆ సమీపంలోని ఎర్రగుడిలో క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. దారుల వెంట చెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ, అవి మనుషుల కొరకూ పశువుల కొరకూ అనీ ఆ శాసనాల సారాంశం. మనుషులకూ పశువులకూ కలిపే చికిత్స ఏర్పాటు చేశానని కూడా చెప్పుకున్నాడు. రెండువేల రెండు వందల ఏళ్ళకు పైబడి ఆ మాట మన బండల మీద ఉన్నది. మా చిన్నప్పటి ఊళ్ళలో ప్రతి బావి పక్కనా పశువుల తొట్టి ఉండేది. రోడ్డును ఆరు వరుసలకు పెంచినప్పుడు మొదట పోయినవి దారి పక్కన చింతచెట్లు, ఆ వెనుక తొట్లు. టోలు వసూలు చేసేవారు ప్రతి గేటు దగ్గర ఒక నీటి తొట్టి, నాలుగు వేపచెట్లు పెట్టలేరా? అడిగేవారు లేకనే కదా!

ఇక మొదట్లో వాయిదా వేసిన మూడవ సమాధానం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును అకారణంగా వదిలిపెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మొదటిసారి నేరానికి నిర్ణయించిన జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు. ఒక టోల్‌గేటు దాటడానికి అంతకన్నా ఎక్కువ కడుతున్నాం. చట్టం ఇంత బలహీనంగా ఉన్నచోట మిగిలేది ధర్మమే.

ధర్మం మాట వచ్చింది గనుక భారతం ఎత్తకుండా ఉండలేను. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ అందరికీ తెలిసినదే. దానికి ముందు ఆదిపర్వం మొదట్లో మరొక కుక్క కథ ఉన్నది, అది ఎక్కువమందికి గుర్తుండదు. జనమేజయుడి యజ్ఞశాల దగ్గరికి వచ్చిన సరమ కొడుకును, ఏ తప్పూ చేయకపోయినా, రాజు తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. సరమ రాజసభకు వచ్చి నిలదీస్తుంది. అకారణంగా సాధుజీవులకు కీడు చేసినవారికి అనుకోని భయాలు వచ్చి పడతాయని చెప్పి పోతుంది. నన్నయ తెలుగులో కూడా ఈ కథ ఉన్నది. అంటే అకారణంగా దెబ్బతిన్న కుక్కతో మొదలైన భారతం, విడిచిపెట్టబడని కుక్కతో ముగింపుకు వస్తుంది. నడుమ ఉన్నదంతా మనుషుల కథ.

ఆ చివరి కుక్కను ధర్మరాజు పిలవలేదు, గొలుసు కట్టి లాక్కుపోలేదు. అది తనంతట తానే వెంట వచ్చింది. పిలవకుండా వచ్చినదాన్ని కూడా, ఇంద్రుడు రథం తెచ్చి నిలబెట్టినా సరే, విడిచిపెట్టనన్నాడు. మనం పెంచుకున్న కుక్క అలా రాలేదు. మనం వెళ్ళి, బేరమాడి, డబ్బిచ్చి తెచ్చుకున్నాం. దాని తల్లి నుండి వేరు చేసి మన ఇంటికి అలవాటు చేశాం. తలుపు తెరిస్తే కారెక్కుతుంది. ఎక్కడికని అడగదు, ఎప్పుడు తిరిగి వస్తామని అడగదు. ఆ నమ్మకం ధర్మరాజు కుక్క ఆయన మీద ఉంచిన నమ్మకం కన్నా పెద్దది. దానికి తగిన బాధ్యత కూడా పెద్దదే.

కాబట్టి ఈసారి ప్రయాణం తలపెట్టినవారు మ్యాపు తెరిచే ముందు కాగితం మీద మూడు గీతలు గీసుకోండి. మన కుక్క ఈ ప్రయాణానికి తగినదేనా? తగినదైతే దాని మజిలీ ఎన్ని గంటలు? తగనిదైతే అది ఏ చేతుల్లో నిశ్చింతగా ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు రాశాకే టోలు లెక్కలూ హోటలు లెక్కలూ. జవాబు రాయలేకపోతే ఈ ఏడాదికి కాశీని వాయిదా వేసుకోవచ్చు. విశ్వనాథుడు ఎక్కడికీ పోడు.